పన్నెండు మీటర్ల చరిత్ర

మా గ్లైడర్‌లో ఒకటే లోపం. అది ముందే తయారైపోయింది.

సర్కారువారి వస్తువు పుట్టాలంటే ముందు కమిటీ పుట్టాలి. కమిటీకి ఉపకమిటీ పుట్టాలి. అది నాలుగు ఊళ్ళు తిరిగి, నాలుగు రకాల భోజనాలు చేసి, నివేదిక రాయాలి. ఆ నివేదిక మీద ఎవరో ఒకరు సంతకం పెట్టకుండా ఆరు నెలలు కూర్చోవాలి. వస్తువు సంగతి ఆ తరవాత. ఇదేమో చెప్పాపెట్టకుండా షెడ్డులో పుట్టి, రెక్కలు చాచి, మూడుసార్లు ఎగిరి దిగింది. ప్రభుత్వ ఆవరణలో ఇంతకన్నా మర్యాద తప్పిన పని ఇంకోటి ఉండదు.

మా సంస్థ పేరు రాష్ట్ర నిరింధన విమానయాన ప్రోత్సాహక మండలి. గ్లైడర్ల క్లబ్బు అని రాస్తే సరిపోయేది, కానీ అంత చిన్న పేరుకి డైరెక్టరుగారి కుర్చీ పెద్దదైపోతుంది. సముద్రానికీ రొయ్యల చెరువులకీ మధ్య, యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఒకటి, రేకుల షెడ్డు ఒకటి, ఆఫీసు ఒకటి. నేను అక్కడ విన్చి నడిపేవాణ్ణి. కిలోమీటరు పొడవు ఇనపతాడుని గిరగిరా చుట్టే యంత్రం అది. తాడు రెండో కొస గ్లైడర్ ముక్కుకి తగిలిస్తాం. నేను చుడతాను, అది లేస్తుంది. పైకి వెళ్ళాక తాడు వదిలేసి గాలి మీద బతుకుతుంది. ఇంజను ఉండదు. గాలి లేస్తే తేలుతుంది, లేకపోతే దిగుతుంది.

మా పైలట్ నక్కా సువార్త గారు. పన్నెండేళ్ళుగా కాలేజీ పిల్లల్ని రెండు సీట్ల పాత గ్లైడర్‌లో ఎక్కించుకుని ఆరు నిమిషాలు తిప్పి దింపడం ఆవిడ ఉద్యోగం. ఒక్కసారైనా ఒంటి సీటు పోటీ గ్లైడర్‌లో, మూడు వందల కిలోమీటర్లు, జాతీయ పోటీల్లో ఎగరాలని ఆవిడ కోరిక. పదకొండేళ్ళు అర్జీలు పెట్టింది. పదకొండేళ్ళూ ఒకే జవాబు: తమరి విన్నపము పరిశీలనలో ఉన్నది. ఈలోగా ఎడమ కంట్లో నీటికాసులు మొదలయ్యాయి. కంటి డాక్టరు మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు. మార్చి ముప్పై ఒకటి దాకా సర్టిఫికెట్టు ఇస్తాను, ఆ తరవాత ఇవ్వలేను అన్నాడు. జాతీయ పోటీలు ఫిబ్రవరి పదిహేనున. అంటే ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. అప్పుడు ఆవిడ అర్జీలు మానేసి గ్లైడర్ కట్టడం మొదలుపెట్టింది.

కట్టినవాడు పెమ్మాడి గంగాధరం మేస్త్రి. చేపల పడవలు కట్టే మనిషి. షెడ్డు తలుపులు బాగుచెయ్యడానికి పిలిస్తే వచ్చాడు. షెడ్డులో ఎప్పటిదో స్కీములో వచ్చిన సీమ కర్ర పలకలు ముప్పై ఏళ్ళుగా పడున్నాయి. వాటి మీద కూర్చుని మేం టీ తాగేవాళ్ళం. ఆయన వేలి కణుపుతో కొట్టి చూసి, చెవి ఆనించి విని, మమ్మల్ని లేవమన్నాడు.

"ఈ కర్ర మీద కూకుని టీ తాగుతున్నారేటండి?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బావుండేది.

పడవల మేస్త్రులు కాగితం మీద గీయరు. నేల మీద, అసలు కొలతకి, సుద్దతో గీస్తారు. సన్నటి బద్ద వంచి, ఒక కన్ను మూసి, కొస నుంచి చూస్తారు. వంపు కంటికి నచ్చేదాకా బద్దని జరుపుతారు. సువార్త గారు లెక్కలు కట్టింది, ఆయన వంపు పట్టాడు. షెడ్డు నేల పొడవునా పదిహేను మీటర్ల రెక్క సుద్దగీతల్లో పరుచుకుంది. ఎనిమిది నెలల్లో నేల మీది గీత కర్రయి లేచింది. అది లేచిన వారానికే పరిశుభ్రతా పక్షోత్సవాలు వచ్చాయి. మండలివారు షెడ్డు నేలని ఫినాయిలుతో కడిగి జిల్లాలో ప్రథమ బహుమతి కొట్టారు. డిజైను మొత్తం కాలవలోకి పోయింది. ఎవరూ బాధపడలేదు. రెక్క ఉందిగా.

కేంద్రం నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. పొట్టి మనిషి, తక్కువ మాటలు. రెక్కల మీద ఇసక బస్తాలు వేయించాడు. రెక్క విల్లులా వంగింది. బస్తాలు తీశాక దూలంలా తిన్నగా నిలబడింది. ఆయన ఒకే ఒక్క కాగితం రాశాడు. తయారీ: పెమ్మాడి గంగాధరం. పొడవు: పదిహేను మీటర్లు. ఎగరవచ్చు. సంతకం. అంతే. మూడోసారి ఎగిరినప్పుడు సువార్త గారు గద్దలతోపాటు నాలుగు గంటలు పైనే ఉండిపోయింది. దిగాక బిందెడు నీళ్ళ దగ్గర కూర్చుని గ్లాసు తరవాత గ్లాసు తాగుతూ నవ్వుకుంది.

సరిగ్గా ఆ వారమే మా డైరెక్టరు వామనరావు గారు కొండల మీద మూడు రోజుల శిక్షణ ముగించుకుని దిగారు. దేశమంతా అప్పుడు ఆ గాలి తిరుగుతోంది. ఏ ఆఫీసులో చూసినా ప్రక్రియ, ప్రక్రియ. ఆయన మమ్మల్ని నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు. వస్తువు ముఖ్యం కాదట. వస్తువు వెనక ఉన్న ప్రయాణం ముఖ్యమట. ప్రయాణం నమోదు కాని వస్తువు అనాథ శిశువుతో సమానమట. మర్నాడే రూలు పద్నాలుగు వచ్చింది: "మండలికి చెందిన ఏ విమానమైననూ, సదరు విమానము యొక్క రూపకల్పన చరిత్ర సంపూర్ణముగా దాఖలు కానిదే, పోటీలకు పంపబడరాదు."

చరిత్ర రాయడానికి ఒక అధికారిని కూడా వేశారు. పేరు లక్ష్మీపతి. చెడ్డవాడు కాదు. అదే మా ఖర్మ. చెడ్డవాడైతే ఏదో ఒకటి గీకి పారేసేవాడు. ఈయన నిజాయితీపరుడు, ప్రతి గడీ నింపుతాడు. గడుల పుస్తకం పట్టుకుని మేస్త్రి ముందు స్టూలు వేసుక్కూర్చున్నాడు. రెక్క ఈ వంపు ఎందుకు తిరిగింది అని అడిగాడు. బద్ద అలా వంగిందండి అన్నాడు మేస్త్రి. ప్రేరణ ఏమిటి అని అడిగాడు. గద్ద అన్నాడు. గద్ద అన్నది ఏ సంవత్సరపు ప్రచురణ అని అడిగాడు. మేస్త్రి నావైపు చూశాడు. నేను విన్చి వైపు చూశాను.

అసలు చిక్కు తొమ్మిదో గడిలో వచ్చింది. పరిశీలించి తిరస్కరించిన ప్రత్యామ్నాయాలు, కనీసం మూడు.

"ఒకటే ఆలోచనండి," అన్నాడు మేస్త్రి. "అది బాగానే ఉంది గదా. రెండోది దేనికండి?"

లక్ష్మీపతి గారు ఆ జవాబుని డైరెక్టరు దగ్గరికి పట్టుకెళ్ళాడు. తిరస్కరణ లేనిదే ఎంపిక లేదు, ఎంపిక లేనిదే రూపకల్పన లేదు అని డైరెక్టరుగారు తేల్చారు. సమావేశాలు జరగకపోవడం వల్ల ఈ దుస్థితి దాపురించింది, కనక జరగని సమావేశాలని జరిపించాలి అన్నారు. దొంగ మినిట్సు రాయడం నేరం, మండలి అలాంటి పని చెయ్యదు. సమావేశాలు నిజంగానే జరగాలి, కానీ జరగాల్సిన తేదీల్లో జరగాలి. మొదటిది మే పద్నాలుగున. అప్పుడు జనవరి ఎనిమిది.

గోడ మీది క్యాలెండరు మే నెలకి తిప్పారు. అజెండా పంపారు. అందులో ఒక సూచన: ఆ తేదీ నాటికి తమకు తెలియని విషయములు సభ్యులు ప్రస్తావించరాదు. ఆగస్టులో చేరిన సభ్యుణ్ణి గుమ్మంలోనే ఆపారు. జూన్‌లో బదిలీ అయిపోయినాయన్ని కారు పంపి వెనక్కి తెప్పించారు. మే నెల కాబట్టి ఫ్యాన్లు ఐదు మీద తిప్పారు. మజ్జిగ ఇచ్చారు. బయట మంచు కురుస్తుంటే లోపల ఏడుగురు పెద్దమనుషులు పళ్ళు టకటకలాడించుకుంటూ ఎండల తీవ్రత గురించి విచారం వ్యక్తం చేశారు. నేను చూశాను. కిటికీ పక్కనే నా విన్చి.

సువార్త గారిని లోపలికి రానివ్వలేదు. మే పద్నాలుగున ఆవిడ సెలవులో ఉంది. హాజరుపట్టీ చెబుతోంది. ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. వెనక మంచులో గ్లైడర్ ఉంది, రెక్కలు చాచుకుని.

సభ్యుల్లో ఒకాయన విశ్వపతి గారు. నీటిపారుదలలో రిటైరైన ఇంజినీరు. జీవితమంతా కల్వర్టులు కట్టాడు. ఆయన లేచి, పదిహేను మీటర్ల పొడవుకి మధ్యలో స్తంభం వెయ్యడం శాస్త్రం అన్నారు. గాల్లో స్తంభం వెయ్యడం సాధ్యం కాదు కనక రెక్క పన్నెండు మీటర్లకి మించరాదు అన్నారు. తమ సర్వీసులో స్తంభం లేకుండా పన్నెండు దాటిన కల్వర్టు ఒక్కటీ లేదన్నారు. కిటికీలోంచి గ్లైడర్ వైపు ఒకరిద్దరు చూశారు. డైరెక్టరుగారు పరదా వేయించారు. మే నెలలో అది ఇంకా తయారు కాలేదు. తీర్మానం ఏకగ్రీవం.

సాయంత్రం సువార్త గారు డైరెక్టరు బల్ల ముందు నిలబడింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"సార్, రెక్క బయటే ఉంది. టేపు పెట్టి కొలుచుకోండి. పదిహేను."

"అమ్మా, కొలత వర్తమానం. తీర్మానం చరిత్ర. వర్తమానాన్ని సరిదిద్దే అధికారం నాకుంది. చరిత్రను దిద్దితే రికార్డుల తారుమారు కిందికొస్తుంది. మీరు నన్ను నేరం చెయ్యమంటున్నారు."

"మూడు మీటర్లు తగ్గిస్తే అది తేలదు సార్. రాయిలా దిగుతుంది. పోటీకి ఇంక ముప్పై ఏడు రోజులే ఉంది."

"పోటీ అనేది ఫలితం. మనం ఇంకా మే నెలలో ఉన్నాం," అన్నారు వామనరావు గారు, చాలా దయగా.

లక్ష్మీపతి గారు ఆ పూటే మండలి ఆస్తుల రిజిస్టరు తీసి, పోటీ గ్లైడర్ ఒకటి, పన్నెండు మీటర్లు అని ఎర్రసిరాతో నమోదు చేశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

సువార్త గారు తెలివైన మనిషి. వాళ్ళ దారిలోనే వెళ్ళి బయటపడదామనుకుంది. జూలై రెండో తేదీ సమావేశం పెట్టించింది. ఆ రోజు హాజరుపట్టీలో ఆవిడ ఉంది, కనక లోపలికి రానిచ్చారు. రెక్కని మళ్ళీ పదిహేనుకి పెంచమని అడిగింది. డైరెక్టరుగారు సంతోషించారు. ఇదే మేము కోరుకునే వికాసం అన్నారు. అయితే పన్నెండుని కాదనాలంటే పన్నెండు విఫలమైనట్టు పరీక్షా నివేదిక ఉండాలి. విఫలం కావాలంటే ముందు అది ఉండాలి. కనక పన్నెండు మీటర్ల గ్లైడర్ ఒకటి తక్షణం నిర్మించి, విఫలం చేసి, నివేదిక జతపరచవలసింది.

సీమ కర్ర అయిపోయింది. మేస్త్రి వెదుళ్ళు తెచ్చాడు, పడవల పాత తెరచాప గుడ్డ తెచ్చాడు. విరగడానికే కదా, ఎలా ఉంటే ఏమని నాలుగు రోజుల్లో పన్నెండు మీటర్ల బొమ్మ ఒకటి కట్టేశాడు. సీట్లో మనిషికి బదులు ఇసక బస్తా కట్టాం. మండలి సభ్యులందరూ కుర్చీలు వేసుకుని, కూలిపోవడాన్ని చూడటానికి కూర్చున్నారు. నేను విన్చి పూర్తి వేగంతో లాగాను. అది లేచింది. తాడు వదిలింది. ఇసక బస్తాతో ఎంచక్కా ఒక చుట్టు తిరిగి, సరుగుడు తోట దాటి, రొయ్యల చెరువు గట్టు మీద కొంగలా వాలింది. ఒక్క బద్ద కదల్లేదు.

మర్నాడు ఇంకో బస్తా వేశాం. మూడోనాడు తోక సగం ఊడదీశాం. వాలింది.

డైరెక్టరుగారు మేస్త్రిని పిలిచి, విఫలం చెయ్యమని రాతపూర్వకంగా ఇచ్చినా విఫలం చెయ్యకపోవడం విధి ఉల్లంఘన అన్నారు. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు చేసినవాడిలాగే ఉన్నాడు.

"చెడ్డగా చెయ్యడం చేతకాలేదండి," అన్నాడు. "ప్రయత్నించేను."

జనవరి చివరికి ఉపకమిటీ ఒక పరిష్కారం కనిపెట్టింది. వెదురుకి విఫలమయ్యే అర్హత లేదు. అసలు కర్రే విఫలమవ్వాలి. అందుచేత అసలు గ్లైడర్ రెక్కని చెరో పక్క ఒకటిన్నర మీటర్లు కోసి, పన్నెండు చేసి, ఎగరేసి, విఫలమని రాసి, కోసిన ముక్కల్ని జిగురుతో మళ్ళీ అతికించాలి. దీన్ని కోత అనకూడదని సర్క్యులర్‌లో గట్టిగా చెప్పారు. దీని పేరు తాత్కాలిక చారిత్రక సవరణ. గురువారం మధ్యాహ్నం రెండున్నరకి. రంపం పట్టుకోనని మేస్త్రి చెప్పేశాడు. ఆఫీసు కుర్చీలు బాగుచేసే కాంట్రాక్టరు మనిషిని మాట్లాడారు.

ఆ సాయంత్రం మేస్త్రి రెక్క పక్కన గొంతుక్కూర్చుని దాని అంచు మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. సువార్త గారు పక్కన నిలబడింది.

"రంపం పెడితే అది మళ్ళీ రెక్క కాదమ్మా," అన్నాడు. "జిగురెట్టండి, బోల్టులెయ్యండి. బెంచీ అవుద్ది."

ఆవిడ గేటు వైపు చూసి, "మీ పడవలు మోసే లారీ ఖాళీగా ఉందా మేస్త్రిగారూ?" అని అడిగింది.

గురువారం పదకొండు గంటలకి మండలివారికి ఇంకో జూలై సమావేశం ఉంది. ఫ్యాన్లు ఐదు మీద గిరగిరా తిరుగుతున్నాయి, పరదాలు వేసి ఉన్నాయి. మేం నలుగురం, మేస్త్రి, ఆయన తమ్ముడు, సువార్త గారు, నేను, పట్టపగలు రెక్కల పిన్నులు లాగి, రెండు రెక్కలూ విడదీసి, పొట్ట భాగంతో సహా లారీ ఎక్కించాం. పడవని ఎక్కించినట్టే. పాత చీరలు మెత్తగా చుట్టాం. ఇరవై ఐదు నిమిషాల పని. ఇంజను చప్పుడు ఫ్యాన్లలో కలిసిపోయింది. లారీ గేటు దాకా వెళ్ళింది.

గేటు దగ్గర నూకరాజు ఉన్నాడు. మాజీ సైనికుడు. మండలి ఆస్తి గడ్డిపరక బయటికి పోవాలన్నా కాగితం ఉండాలి అతనికి. లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. చీర ఒకటి తొలగించి చూశాడు.

"ఇదేటండి మేడమ్?"

"గ్లైడర్ నూకరాజు గారూ."

"మనదేనాండి?"

ఆవిడ అబద్ధం ఆడదు. నేను ఆడదామని నోరు తెరిచేలోపు నూకరాజు గేటు పక్క గదిలోకి వెళ్ళి, ఆస్తుల రిజిస్టరు నకలు పట్టుకొచ్చాడు. ఎర్రసిరా లైను మీద వేలు పెట్టి చదివాడు. తరవాత టేపు తెచ్చి లారీ ఎక్కాడు. ఒక రెక్క కొలిచాడు, ఏడున్నర. రెండో రెక్క కొలిచాడు, ఏడున్నర. రెండూ కలిపాడు. అనుమానమొచ్చి మళ్ళీ కొలిచాడు. దిగి, టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. అతని మొహంలో ఏమీ లేదు. ఇప్పటికీ నాకు తెలీదు, ఆ మనిషి అమాయకుడో, మా అందరికన్నా ముదురో.

"మనది పన్నెండండి. ఇది పదిహేను," అన్నాడు. "ఇది మనది కాదు. పరాయి సామాను ఇక్కడెందుకండి, తీసుకెల్లిపోండి."

గేటు తీశాడు. రిజిస్టర్లో రాసుకున్నాడు కూడా: పరాయి సామాను ఒక లారీ, బయటికి.

రెండున్నరకి రంపం వచ్చింది. షెడ్డులో టీ గ్లాసులున్నాయి.

పోటీలు పడమటి రాష్ట్రంలో, ఎర్రమట్టి మైదానంలో. అక్కడి నిర్వాహకులు కాగితాలు చూసి, తనిఖీ అధికారి సంతకం ఉంది, బాగుంది, కానీ మీ మండలి గ్లైడర్లకి చరిత్ర జతపరచాలని సర్క్యులర్ వచ్చింది, అది ఏదీ అని అడిగారు. ఇది మీదేనా అని మండలికే ఉత్తరం పెట్టారు. వామనరావు గారి పరిస్థితి ఆలోచించండి. మాదే అంటే రిజిస్టరు అబద్ధం, తీర్మానం అబద్ధం, ఫ్యాన్ల కింద వణుకుతూ పెట్టిన ఏడు సంతకాలూ అబద్ధం. ఆయన రిజిస్టరు తెప్పించుకుని, ఒక్క గంటలో జవాబు పంపారు. మండలి పుట్టాక గంటలో వెళ్ళిన జవాబు అదొక్కటే. "మండలికి పదిహేను మీటర్ల గ్లైడర్ ఏదియు లేదు. ఎన్నడును లేదు."

నిర్వాహకులు భుజాలెగరేసి, తనిఖీ కాగితంలో తయారీదారు పేరే చూసి యజమాని గడిలో పెమ్మాడి గంగాధరం, పడవల మేస్త్రి అని రాసుకున్నారు. ప్రైవేటు గ్లైడర్లకి చరిత్ర అక్కర్లేదు. ఎగిరితే చాలు.

సువార్త గారు ఆరు రోజులు ఎగిరింది. విదేశాల నుంచి డబ్బాల్లో దిగిన తెల్లటి ఫైబరు గ్లైడర్ల మధ్య మన కర్రది తేనెరంగులో తిరిగింది. నాలుగో రోజు మూడు వందల పద్దెనిమిది కిలోమీటర్లు. చివరికి మూడో స్థానం వచ్చింది.

పేపర్లో ఫొటో పడింది. మంత్రిగారి పేషీ నుంచి మండలికి అభినందన వచ్చింది, గ్లైడర్‌తో ఫొటో దిగడానికి అయ్యగారు వస్తారని కబురొచ్చింది. వామనరావు గారికి రెండు రోజులు అన్నం సయించలేదు. సువార్త గారికీ నాకూ మెమో ఇద్దామనుకున్నారు. ఏమని ఇవ్వాలి? ఎన్నడూ లేనిదాన్ని ఎత్తుకుపోయారనా? గ్లైడర్ని మళ్ళీ సొంతం చేసుకోవాలంటే చరిత్రలో పన్నెండు పదిహేను కావాలి. అందుకు పన్నెండు విఫలం కావాలి. మిగిలింది వెదురుది ఒక్కటే. దాన్ని మార్చి నెలంతా ఎగరేయించారు. నేనే లాగాను. మూడు బస్తాలు, నాలుగు బస్తాలు. ఒకసారి విశ్వపతి గారు స్వయంగా రెక్కని కాలితో తన్నారు. ఆయన కాలు బెణికింది. ఆ గాయాన్ని పరీక్షా నివేదికకి జతపరచవచ్చునా అన్న విషయం ఇంకా పరిశీలనలో ఉంది.

మార్చి ముప్పై ఒకటిన, సువార్త గారి సర్టిఫికెట్టు చెల్లే ఆఖరి రోజున, మేస్త్రి తన గ్లైడర్ని లారీ మీద తెచ్చాడు. పరాయి గ్లైడర్లు రుసుము కట్టి మా రన్‌వే వాడుకోవచ్చు, ఆ రూలు ఎప్పటినుంచో ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకి నేను తాడు లాగాను. ఆవిడ వదిలింది. ఎండ కాస్తోంది, చెరువుల మీంచి గాలి లేస్తోంది. పదకొండుకి చుక్కంత కనిపించింది. పన్నెండుకి అదీ లేదు. మేస్త్రి నీడలో కూర్చుని బద్ద ఒకటి చెక్కుకుంటూ, మధ్యమధ్య ఒక కన్ను మూసి పైకి చూస్తూ ఉన్నాడు. మేం మధ్యాహ్నం అన్నాలు తినలేదు. నూకరాజు కూడా గేటు వదిలి వచ్చి నిలబడ్డాడు.

పొద్దు వాలాక దిగింది. చప్పుడు లేకుండా దిగింది. రెక్క కొస నేలకి ఆనకుండా నేను పరిగెత్తి పట్టుకున్నాను. ఆవిడ అద్దం తెరిచింది గానీ లేవలేదు. పట్టీలు విప్పుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆఫీసులోంచి లక్ష్మీపతి గారు వచ్చాడు. పుస్తకం చంకలో ఉంది. పాపం, ఆయనా పొద్దున్నుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నట్టున్నాడు. గొంతు తగ్గించి, మొదటిసారి గడి చూడకుండా ప్రశ్న అడిగాడు.

"పైన ఎలా ఉందండీ? రాసుకోవచ్చాండీ?"

సువార్త గారు ఆయన వైపు తిరగలేదు. పడమట ఇంకా కాస్త వెలుగుంది, అటే చూస్తోంది.

"ఇదొక్కటీ రాయకండి సార్," అంది.

ఆయన తల ఊపాడు. కలం తీసి, ఆ మాట కూడా రాసుకున్నాడు.